ముఖంలో కనిపించేది, కనిపించనిది

రేడియోలో మాట్లాడేవాడికి ఒక సౌకర్యం ఉంది. నా ముఖం మీకు కనిపించదు. నేను బెదురుతున్నానో, ధైర్యంగా ఉన్నానో గొంతును బట్టి మీరు ఊహించుకోవలసిందే. అయినా రేడియో నాటకాలు విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళం మనం. ముఖమే కనబడకుండా అంత గ్రహించగలిగిన మనం, ఎదురుగా నిలబడ్డ పిల్లవాడి ముఖం చూస్తూ కూడా వాడి మనసులో ఉన్నది ఎందుకు పోల్చుకోలేకపోతాం? ఈరోజు ఆ సంగతి మీతో ముచ్చటించాలని వచ్చాను.

నాది పావగడ తాలూకా మంగళవాడ. జిల్లా తుమకూరే అయినా, మా తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర గ్రామాలే. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అమ్మ తెలుగులో తిడుతుంది, మేష్ట్రు కన్నడంలో తిడతాడు. బి.ఇడి. చేసి ఇరవై ఏళ్ళుగా ఈ రెండు భాషల నడుమ పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఇదే పరిస్థితి కనుక నా మాటలు మీకు కొత్తగా ఉండవు.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అప్పట్లో నేను వేరే ఊళ్ళో పనిచేసేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి వరుసగా మూడు రోజులు ఇంటిలెక్కలు చేసుకురాలేదు. మూడో రోజు లేపి, అందరి ముందూ ఎందుకని అడిగాను. వాడు నవ్వాడు. పెదవులు రెండు పక్కలకూ సాగాయి, పళ్ళు కొద్దిగా బయటపడ్డాయి. "నేనడుగుతుంటే నీకు నవ్వులాటగా ఉందా?" అని బయటికి పంపేశాను. గడప దాటుతూ కూడా అలాగే నవ్వాడు. నాకు మరింత మండింది. మర్నాడు వాడు బడికి రాలేదు. వారమంతా రాలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. శనగకాయ పంట ఎండిపోయి తల్లీ తండ్రీ కట్టడం పనికి బెంగళూరు పోయారు. ఇంట్లో ముసలి అవ్వ, చిన్న చెల్లెలు. అవ్వకు జ్వరం. నీళ్ళు, వంట, రెండు మేకలు, అన్నీ వాడి మీదే పడ్డాయి. నేను నవ్వు సంగతి చెబితే అవ్వ మంచంలోంచే అంది: "వానికి భయమైతే నగుతాడప్పా. చిన్నప్పట్నుంచీ అంతే. వాళ్ళ నాయన కొట్టేటప్పుడు కూడా నగుతాడు. అందుకే ఇంకో రెండు ఎక్కువ తింటాడు."

వాడు మళ్ళీ బడికి వచ్చాడు. కానీ ఆ ఏడాదంతా నా ముందు తలెత్తలేదు. పదో తరగతికి రాలేదు, బెంగళూరు వెళ్ళిపోయాడన్నారు. నావల్లే వెళ్ళాడని చెప్పలేను. నావల్ల కాదని కూడా చెప్పలేను.

బి.ఇడి.లో మాకు మనస్తత్వశాస్త్రం ఒక పేపరు. కౌమారదశ మీద పేజీలు పేజీలు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ చదువంతా వాడి నవ్వు ముందు ఎందుకూ పనికిరాలేదు. ఆ తరువాతే నేను మా పిల్లలతో శనివారం శనివారం ఒక అరగంట ముఖాల పాఠం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే పిల్లలకోసం కన్నా ముందు నాకోసమే మొదలుపెట్టాను.

ఇది కొత్త ఆలోచన ఏమీ కాదు. తన భావాలను తాను ఎరిగి ఉండడం, ఎదుటివాడి కష్టం తెలుసుకోవడం, ఇలాంటి పది జీవన నైపుణ్యాలను పిల్లలకు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల తొలినాళ్ళలోనే చెప్పింది. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ హైస్కూలు పిల్లలకు తగిన పాఠాలు తయారుచేసి, ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇచ్చింది. పుస్తకాలకు కొరత లేదు. లెక్కల పీరియడు పోగొట్టుకుని ఈ పాఠం చెప్పేవాళ్ళకే కొరత.

మొదట అందరిలాగే నేనూ పటంతో మొదలుపెట్టాను. ఆరు ముఖాలు. సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం. ఈ ఆరింటి వెనక పెద్ద కథే ఉంది. 1872లో డార్విన్ మనుషుల్లో, జంతువుల్లో భావప్రకటన గురించి ఒక గ్రంథం రాశాడు. జాతి ఏదైనా ముఖభావాలు చాలావరకు ఒక్కటేనన్నాడు. దాదాపు నూరేళ్ళ తరువాత పాల్ ఎక్మన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పాపువా న్యూగినీ కొండల్లో ఉండే ఫోరే అనే తెగవారి దగ్గరికి వెళ్ళాడు. ఒక చిన్న కథ చెప్పి, ఆ కథలోని మనిషి ముఖం వీటిలో ఏదో చూపించమన్నాడు. చాలావరకు వాళ్ళు సరిగానే చూపించారు. కానీ భయపడ్డ ముఖాన్నీ, ఆశ్చర్యపోయిన ముఖాన్నీ విడదీయలేకపోయారు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి.

మా తరగతిలో కూడా సరిగ్గా అక్కడే చిక్కుపడింది. సంతోషాన్ని వెనక బెంచీవాడు కూడా చటుక్కున చెప్పేశాడు. కోపం, దుఃఖం దాదాపు అందరికీ తెలిశాయి. భయం దగ్గరికి వచ్చేసరికి సగం మంది ఆశ్చర్యమన్నారు. రెండింటిలోనూ కళ్ళు పెద్దవవుతాయి, కనుబొమలు పైకి లేస్తాయి కదా. తేడా ఎక్కడుందో వెదకమన్నాను. అద్దాలు తెచ్చుకున్నారు, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు, అరగంట ఒకటే నవ్వులు. చివరికి ఒక అమ్మాయి చెప్పింది: ఆశ్చర్యంలో దవడ వదులుగా కిందికి జారుతుంది, భయంలో కనుబొమలు దగ్గరికి వస్తాయి, పెదవులు చెవుల వైపు లాగినట్టు బిగుస్తాయి. శాస్త్రం చెప్పేదీ అదే.

పెదవులు చెవుల వైపు సాగడం అనగానే నాకు ఎవరి ముఖం గుర్తుకు వచ్చిందో మీకు చెప్పనక్కరలేదు.

నవ్వు గురించి కూడా ఒక మాట. 1862లో దుషేన్ అనే ఫ్రెంచి వైద్యుడు, మనసారా నవ్వే నవ్వులో కంటి చుట్టూ ఉండే కండరం కూడా కదులుతుందనీ, పెదవుల నవ్వులో అది కదలదనీ చెప్పాడు. మన పెద్దవాళ్ళు కూడా 'నవ్వు మూతి దాటలేదు' అంటూనే ఉంటారు. అయితే కొందరు కళ్ళతో కూడా చక్కగా నటించగలరని తరువాతి పరిశోధనల్లో తేలింది. మా పిల్లల్లో ఒకడు పరిశోధన అక్కర లేకుండానే అది చేసి చూపించాడు.

ఈ పటం పాఠం నాలుగు వారాలు బాగా నడిచింది. అయిదో వారం నాకే అనుమానం వచ్చింది. పిల్లలు ఒకరినొకరు చూసి "నీకు కోపం, నీకు అసహ్యం" అని ముద్ర వేయడం మొదలుపెట్టారు. ఒక పిల్ల "నాకు కోపం లేదు, ఎండకు కళ్ళు చికిలిస్తున్నాను" అంటే, "లేదు, పటంలో అలాగే ఉంది" అని వాదించారు. నేను ఆ అబ్బాయికి చేసింది కూడా అదే కదా! నా బుర్రలోనూ ఒక పటం ఉంది, నవ్వు అంటే పొగరు అని.

అప్పుడు పటం చుట్టి అటక మీద పెట్టేశాను. తరువాత చదివితే తెలిసింది, శాస్త్రజ్ఞులకూ ఇదే అనుమానం వచ్చిందని. 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో, అదే పాపువా న్యూగినీకి చెందిన ట్రోబ్రియాండ్ దీవుల పిల్లలకు, కళ్ళు పెద్దవి చేసి నోరు తెరిచిన ముఖం చూపించారు. మనం భయం అనుకునే ఆ ముఖాన్ని వాళ్ళు కోపం, బెదిరింపు అనుకున్నారు. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరి నలుగురు శాస్త్రజ్ఞులు వెయ్యికి పైగా పరిశోధనలు తిరగేసి, ముఖం ఒక్కటే చూసి భావాన్ని నిర్ధారించడం కుదరదని తేల్చారు. కోపం వచ్చిన మనిషి మౌనంగా ఉండవచ్చు, ఏడవవచ్చు, నవ్వనూవచ్చు.

నాకు మాత్రం ఈ విషయంలో ఎక్కువ సాయపడింది మన భరతముని. నాట్యశాస్త్రం అనగానే ముఖాభినయమే అనుకుంటాం. నిజమే, ఆయన చూపులనే ముప్పై ఆరు రకాలుగా విడదీశాడు. కానీ రసం పుట్టడానికి ఆయన చెప్పిన లెక్క చూడండి. ముందు విభావం, అంటే కారణం, సందర్భం. తరువాత అనుభావం, అంటే ముఖంలో, ఒంట్లో బయటికి కనబడేది. వాటితోపాటు వచ్చిపోయే సంచారీ భావాలు. ఇవన్నీ కలవాలి. కనబడే ముఖం ఒక పాలు మాత్రమే. ముప్పై మూడు సంచారీ భావాల్లో ఒకదాని పేరు అవహిత్థ. మనసులో ఉన్నది బయటికి కనబడకుండా దాచుకోవడం అని దాని అర్థం. దాచుకోవడాన్ని కూడా ఆయన ఒక భావంగానే లెక్కపెట్టాడు! పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలతో రోజూ మసలేవాడిగా చెబుతున్నాను, ఆ వయసులో అన్నింటికన్నా ఎక్కువ కనబడేది ఆ అవహిత్థే.

పిల్లలకు భరతముణ్ణి ఎక్కడ చెబుతాను? తోలుబొమ్మలాట సంగతి చెప్పాను. మా ఊరికి అంత దూరం కాదు, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ కళాకారులున్నారు. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ ముఖం కదలదు. పెళ్ళిపీటల మీద సీతమ్మదీ, అశోకవనంలో సీతమ్మదీ ఒకటే కన్ను, ఒకటే పెదవి. మరి అశోకవనంలో మనకు కన్నీళ్ళు ఎందుకు వస్తాయి? గొంతు మారింది, చెయ్యి వాలింది, అంతకుముందు ఏం జరిగిందో మనకు తెలుసు. పిల్లలకు అప్పుడు అర్థమైంది.

ఆ తరువాతి శనివారం ఒక ఆట ఆడించాను. ఒకడు కళ్ళు పెద్దవి చేసి నిలబడతాడు. ముందు కథ చెప్పకుండా, వాడికి ఏమనిపిస్తోందో మిగతావాళ్ళు రాస్తారు. తరువాత అదే ముఖానికి మూడు కథలు. పరీక్షలో అనుకోకుండా పాసయ్యాడు. సందులో కుక్క వెంటపడింది. తండ్రి ఫోను చేసి 'ఇంటికి రారా' అని ఒక్కమాట చెప్పి పెట్టేశాడు. ముఖం మారలేదు, జవాబులు మూడు రకాలుగా మారిపోయాయి.

ఇక మాటల సంగతి. సరిహద్దు పిల్లలకు రెండు భాషలుండడం ఇక్కడ పెద్ద ఆస్తి. అసూయకు కన్నడంలో హొట్టెకిచ్చు అంటారు, తెలుగులో కడుపుమంట. రెండు భాషల వాళ్ళకూ నిప్పు కడుపులోనే పెట్టాడు దేవుడు. వేలాడే ముఖాన్ని కన్నడంలో జోలు మోరె అంటే, మనం మొహం వేలాడేశాడు అంటాం. కానీ బేజారు అనే మాట ఉంది చూశారూ, దానితోనే నాకు పేచీ. ఎప్పుడు ఎవరిని అడిగినా "బేజారు సార్" అంటారు. పాఠం విసుగు పుట్టిస్తే బేజారు, స్నేహితుడు మాట్లాడకపోతే బేజారు, తాత పోయినా బేజారే. ఒక శనివారం నల్లబల్ల మీద బేజారు అని రాసి, ఈ మాట లేకుండా చెప్పండన్నాను. విసుగు, దిగులు, బెంగ, చిన్నతనం, ఉక్రోషం, ఒంటరితనం, నిరాశ, ఇలా పదకొండు మాటలు వచ్చాయి. బెంగకు కన్నడంలో సరిపోయే మాట కోసం గంట కొట్టేదాకా కొట్టుకున్నారు, కుదరలేదు. పేరు దొరికితే బాధ తగ్గుతుందని నేననను. కానీ ఎవరితో చెప్పుకోవాలో కొంత తెలుస్తుంది.

మరొక మాట మొహమాటం. మనసులో ఉన్నది ముఖం మీదికి రానివ్వకుండా ఎదుటివాడికోసం సర్దుకునే ఆ గుణానికి ముఖం పేరే పెట్టుకున్నాం మనం! పైగా దాన్ని మంచి అలవాటుగా పిల్లలకు నేర్పుతాం. పెద్దల కళ్ళలోకి చూడకూడదని చెబుతాం. పిల్లవాడు తల దించుకుంటే మేమేమో తప్పు చేశాడు కాబట్టి చూడలేకపోతున్నాడంటాం. వాడు ఏం చేసినా చిక్కే. ఇక ఆటిజం వంటి ఇబ్బందులున్న పిల్లలకు ఎదుటివారి కళ్ళలోకి చూడడమే కష్టం కావచ్చు. అలాంటివారిని ఈ ఆటకు లాగకూడదు. ముఖం చదవడంలో మార్కులు వేయడం అంతకన్నా చేయకూడదు.

ఇప్పుడు మీకు చెప్పవలసిన అసలు సంగతికి వస్తాను. మా పాఠం కోసం ప్రతి పిల్లవాడూ ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాడు. పేజీని మూడు భాగాలు చేయమన్నాను. మొదటిదానిలో చూసింది. రెండోదానిలో అనుకున్నది. మూడోదానిలో, అడిగితే వాళ్ళు చెప్పింది. మొదటి రెండూ గబగబా నిండుతాయి. మూడోది నింపడమే కష్టం. ఎందుకంటే అడగాలి. "ఏమైందిరా?" అంటే "ఏం లేదు" అంటారు. కాసేపు పక్కన కూర్చుని మళ్ళీ అడగాలి. ఇదంతా నేర్చుకోవడానికి మా పిల్లలకు ఒక టర్మంతా పట్టింది.

పదో తరగతి అమ్మాయి ఒకతె తన గురించి తానే రాసింది. ఆదివారం వాళ్ళింటికి చుట్టాలు వచ్చారు. ఈమెను కొత్త లంగా ఓణీతో తెచ్చి కూర్చోబెట్టారు. చూసింది అన్నచోట, "తల దించుకుంది, మాట్లాడలేదు, వేళ్ళతో ఓణీ అంచు తిప్పుతోంది" అని రాసింది. అనుకున్నది అన్నచోట, "పిల్లకు సిగ్గు, ఒప్పుకున్నట్టే అన్నారు" అని. మూడోచోట ఒకటే వాక్యం: "నన్ను ఎవరూ అడగలేదు, నాకు వాంతి వచ్చేలా ఉంది."

ఆ పేజీ చదివినరోజు రాత్రి నాకు అన్నం సహించలేదు. మౌనం అర్ధాంగీకారమని మనమంతా చెప్పుకుంటూ వచ్చాం. దించిన తలను సిగ్గు అన్నాం. సిగ్గుపడే పిల్ల ఓరగా చూస్తుంది, పెదవి చివర నవ్వు ఆపుకుంటుంది. భయపడే పిల్ల కదలదు, చేతులు చల్లబడతాయి. కానీ ఈ తేడాలు కూడా నమ్మి కూర్చోవద్దని ఇంతసేపూ చెప్పాను కదా. అడగాలి. అదీ పదిమంది ముందు కాదు.

నేను మగవాణ్ణి, నేరుగా అడిగితే బాగుండదు. మా బడిలోని ఒక టీచరమ్మకు ఆ పేజీ చూపించాను. ఆమె పిల్లతో మాట్లాడింది, తరువాత ఇద్దరం తల్లి దగ్గరికి వెళ్ళాం. పద్దెనిమిదేళ్ళు నిండకుండా ఆడపిల్లకు పెళ్ళి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరమనీ, 1098కి ఎవరు ఫోను చేసినా అధికారులు వస్తారనీ టీచరమ్మ మెల్లగానే చెప్పింది. తల్లి చట్టం మాటకు పెద్దగా చలించలేదు. నోటుపుస్తకం చదివి వినిపించాక మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నా పక్కనే కూచోనుండె గదమ్మా, నాకు తెలీలేదే" అంది. ఆ సంబంధం అప్పటికి ఆగిపోయింది. పిల్ల పరీక్ష రాసింది.

ఇంట్లో పెద్దవాళ్ళు ఈ మూడు గళ్ళ పుస్తకం పెట్టుకోనక్కరలేదు. కానీ రాత్రి అన్నాల దగ్గర పిల్లవాడి ముఖం చూసి "ఏం రా, ఎవరితో కొట్లాడినావు?" అనే బదులు, "నీ ముఖం చూస్తే నాకు ఇట్లా అనిపిస్తా ఉంది, నిజమేనా?" అని అడిగి చూడండి. కాదన్నా నమ్మండి. మళ్ళీ రేపు అడగవచ్చు. ఈ రోజుల్లో పిల్లలు సెల్‌ఫోనులో పసుపుపచ్చ గుండ్రటి ముఖాలు పంపుకుంటున్నారు. కన్నీళ్ళు వచ్చేలా నవ్వే బొమ్మ పంపిన పిల్లవాడు నిజంగా నవ్వుతున్నాడనుకోవద్దు. మా తరగతిలో అడిగితే, మనసు నొచ్చుకున్నప్పుడు కూడా ఆ బొమ్మే పంపుతామని చాలామంది చేతులెత్తారు.

సమయం అయిపోవస్తోంది. కిందటేడు జరిగిన ఒక చిన్న సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. పుస్తకాలు దిద్దుతుంటే తొమ్మిదో తరగతి కుర్రవాడి పేజీలో నా గురించే ఉంది. చూసింది: "సార్ చాక్‌పీసు రెండుసార్లు విరిచినారు. బోర్డు వైపే తిరిగి పాఠం చెప్పినారు." అనుకున్నది: "మా మీద కోపం." మూడో గడి ఖాళీ. వాణ్ణి పిలిచి, ఇదెందుకు వదిలేశావు అన్నాను.

"మిమ్మల్ని అడగొచ్చా సార్?" అన్నాడు.

అడగమన్నాను. అడిగాడు. మా అమ్మ మూడు రోజులుగా ఆసుపత్రిలో ఉందని చెప్పాను. వాడు పుస్తకం తీసుకుని, అక్కడే నిలబడి, మూడో గడిలో రాసుకున్నాడు. తరువాత "ఇప్పుడెట్లుండాది సార్ అవ్వకు?" అని అడిగాడు.